గీత ముందు బ్రేకు

ఆఫీసులో అందరూ అతన్ని డేగకన్ను అనేవారు. ఆన్‌లైన్ కార్ల పందెంలో దొంగాట ఆడేవాళ్ళను పట్టుకోవడం అతని పని. ఆ పందెం తనూ ఆడతాడు గనక, అందులో మోసమంటే అతనికి ఒళ్ళు మండిపోయేది.

పనంతా గుట్టుగా సాగాలి. ఏ ఆటకు కాపలా కాస్తున్నారో ఇంట్లో కూడా చెప్పకూడదు. మొహమాటాలకు తావు లేకుండా తెరమీద ఆటగాళ్ళ పేర్లు కూడా కనిపించవు, ఉత్త నంబర్లే.

ఆ రోజు కంప్యూటర్ ఒక వింత కేసు పట్టింది. ఎర్రజెండా పడింది గెలిచిన ఖాతాకి కాదు, ఓడిన ఖాతాకి.

"చూడండి సార్, అందర్నీ చిత్తుచిత్తుగా ఓడిస్తున్నారు. ఈ ఒక్కడు ఎదురైతే మాత్రం గెలుపు గీత ముందు బ్రేకు కొట్టేస్తున్నారు!" అంది పక్క సీటు అమ్మాయి.

"ఇద్దరూ కుమ్మక్కయ్యారన్నమాట. సంజాయిషీ ఏమైనా పంపారా?"

ఆ అమ్మాయి పైకి చదివింది.

"బాబూ, తప్పు నాదే. అవతల ఆడేది మా చిన్నోడు. ఇవతల ఉన్నది నేనని వాడికి తెలీదు. గెలిచిన రోజు కబుర్లు చెబుతూ కడుపునిండా తింటాడు. ఓడితే కంచం ముందు మూతి ముడుచుకు కూర్చుంటాడు. చూడలేక, కిందామీదా పడి ఈ ఆట నేర్చుకున్నాను. నా ఖాతా మూసేయండి. వాడి జోలికి మాత్రం వెళ్ళకండి. అమ్మ గెలిపిస్తోందని తెలిస్తే తట్టుకోలేడు."

చదవడం ముగించి ఆ అమ్మాయి కుర్చీ అతని వైపు తిప్పింది. "పాపం సార్. పిల్లాణ్ణి వదిలేద్దామా?"

డేగకన్ను పకపకా నవ్వాడు. "ఈ గారాబాలే పిల్లల్ని చెడగొట్టేది. ఓడిపోవడం కూడా నేర్చుకోవాలి కదా వెధవ!"

"పసివాడు సార్. ఏడుస్తాడు."

"ఏడవనీ. కాసేపు ఏడ్చి, ఆ తర్వాత బుద్ధిగా పుస్తకం తీస్తాడు."

అన్నాడే గానీ, ఆ తల్లిని తలుచుకుంటే జాలేసింది. కానీ సాయం చేసినవారినీ పొందినవారినీ కూడా వదలకూడదని ఆఫీసు రూలు. మనసు గట్టి చేసుకుని రెండు ఖాతాలూ ఎంచుకున్నాడు. 'శాశ్వతంగా మూసివేయి' అన్న చోట నొక్కాడు.

మరుక్షణం అతని చొక్కా జేబులో ఫోను గుయ్యిమంది: "కార్ల పందెంలో మీ ఖాతా శాశ్వతంగా మూసివేయబడింది."