అద్దంలో పాతికేళ్లు

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఐస్ హాకీ మైదానాలయ్యాక, జట్ల ఎంపిక ఒక వింత అద్దం మాట మీదే జరుగుతోంది. ముందు నిలబడిన పిల్లలు పాతికేళ్ల వయసుకు ఎలా ఆడతారో అది చూపిస్తుంది.

డిఫెన్స్‌లో ఒక్క చోటే ఉంది, పోటీలో ఇద్దరమ్మాయిలు. అద్దంలో షాహీన్ గోడలా నిలబడింది. కెజియా తడబడింది.

"దాని పేరే రాసెయ్యండి టీచర్‌గారూ," అంది కెజియా, తల దించుకుని.

వకుళ టీచరు కలం కదలలేదు. ఒకప్పుడు ఇదే అద్దంలో ఆమె కూతురు మృదుల పాతికేళ్ల మనిషై, నవ్వుతూ ఆడింది. కానీ పదిహేనో ఏటే కన్నుమూసింది.

ఆమె అద్దం మీద శాలువా కప్పింది.

"వెళ్లి ఆడండమ్మా. ఇవాళ బాగా ఆడినవాళ్ల పేరు రాస్తాను."

"మరి పాతికేళ్లకి?" అంది షాహీన్.

"ఇవాళ చూడనివ్వండి."

మంచులోంచి ఇంకా మిరపఘాటు వస్తోంది. ఇద్దరూ తుమ్ముకుంటూ, నవ్వుకుంటూ మైదానంలోకి జారిపోయారు. టీచరు రెప్ప వేయకుండా చూస్తూ నిలబడింది.