నీలం అంగీ

"పాత అంగీ యాడమ్మా?"

"నానబెట్టేసినా."

"అయ్యో! ఈ పొద్దు వేసుకోవల్లనే కదా దాన్ని తీసిపెట్టుకుండేది!"

చౌడమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని, కొలత చూడ్డానికి ఎవరిదో రవికెకు వేసిన కచ్చా కుట్లు తీసేస్తోంది. దారం కొస పట్టి ఒక్క లాగు లాగితే చాలు, సర్రుమని ఊడొచ్చేస్తోంది. కోపంలో ఉంది కాబట్టి ఇంకాస్త జోరుగా లాగుతోంది. చౌడమ్మకు కోపమొస్తే ఆ చిక్కపేట సందు చివరి అంగడివాళ్లక్కూడా తెలిసిపోతుంది మరి.

శ్రుతి చక్రాల కుర్చీని గిర్రున తిప్పుకుని అమ్మ ఎదురుగా వచ్చింది. ఆమెకు నడుం కింద కాళ్లు కదలవు. అయినా ఆనేకల్ అవతల ఓ మైదానంలో గ్లైడరు నడపడం నేర్చుకుంటోంది. ఇంజను లేని విమానం అది. కాళ్లతో తొక్కాల్సిన పని కూడా ఎడమచేతి కర్రతోనే జరిగేలా దాన్ని మార్చారు. ఇన్నాళ్లూ వెనక సీట్లో నేర్పే ఫర్హానా మేడం ఉండేది. ఈ రోజు మొదటిసారి ఒంటరిగా ఎగరాలి.

"పోయిన వారమే చెప్పినా గదమ్మా. మొదటిసారి ఒంటిగా ఎగిరి దిగితే, అంగీ వెనకపక్క కత్తిరిస్తారు. అది వాళ్ల ఆచారం. దానికే పాతది."

"బంగారట్లాంటి బట్టకు కత్తెర పెట్టేది యేమి ఆచారమో! వాళ్ల మొగం మండ!" చౌడమ్మ లేచి, తాను కుట్టిన కొత్త నీలం అంగీ తెచ్చి కూతురి ఒళ్లో పడేసింది. "ఇది వేసుకో."

"కొత్తదా? దీన్నీ చింపేస్తారు!"

"చింపితే కదా! నువ్వు ఒంటిగా ఎగిరితే కదా! ఈ మిషను తొక్కేదానికే రెండు కాళ్లు కావల్ల. నువ్వు చేత్తో విమానం తోలేస్తావా? సుమ్నే ఊరికే పోయి, బెదిరిపోయి, తిరిగొస్తావు చూడు."

శ్రుతికి ఏడుపొచ్చింది. ఏడిస్తే అమ్మే గెలిచినట్టవుతుందని ఆపుకుంది. గబగబా అంగీ తొడుక్కుని, కింద వేలాడే అంచును లోపలికి దోపేసుకుంది.

బయట ఆటో రాఘవేంద్ర హారన్ కొట్టాడు.

"అమ్మా, పోయొస్తా."

ఆ ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా చౌడమ్మ "పోయిరా" అంటుంది. ఎంత పోట్లాడినా సరే, అనకుండా పంపదు. శ్రుతి గడపలో ఆగింది. చౌడమ్మ మొహం తిప్పుకుని మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ మాట రాలేదు.

మైదానంలో ఫర్హానా శ్రుతిని చూడగానే కనిపెట్టేసింది. "ఏంటా ఫేస్? అమ్మతో ఫైటా?"

"పోయిరా అనలేదు మేడం."

"మనసు బాగోలేకపోతే ఎగరకూడదు. నా రూల్ అది. ఇంకో రోజు చూద్దామా?"

"వద్దు మేడం. ఈ రోజు తిరిగిపోతే అమ్మ మాటే నిజమైపోతాది."

ఫర్హానా ఆమె చేతులకేసి చూసింది. వణకడం లేదు. "సరే. గాలి బాగుంది. గో!" అంది. ఖాళీగా ఉన్న వెనక సీటు బెల్టు తనే బిగించి, తలుపు మూసింది.

దూరంగా ఉన్న యంత్రం చుట్టుకుంటున్న తాడు గ్లైడరును లాగింది. గడ్డి మీద గడగడమని పరిగెత్తిన గ్లైడరు ఉన్నట్టుండి నేలను వదిలేసింది. పైకి, ఇంకా పైకి. శ్రుతి మీట లాగి తాడు వదిలేసింది. టక్కుమంది. ఆ తర్వాత గాలి సవ్వడి ఒక్కటే.

కింద రాగి చేలు, చెరువు, రేకుల షెడ్లు, అన్నీ మిషను కింద రాలిన బట్టముక్కల్లా చిన్నవైపోయాయి. పక్కనే ఒక గద్ద రెక్క ఆడించకుండా తిరుగుతోంది. అక్కడ వేడిగాలి పైకి లేస్తోందన్నమాట. శ్రుతి కర్రను మెల్లగా వంచింది. గ్లైడరు కూడా గద్ద వెనకే చుట్టు తిరిగింది. ఏదో ఉయ్యాల తొట్టిలో వేసి ఊపుతున్నట్టుంది. ఎండ వచ్చి ఒళ్లో కూర్చుంది. గద్ద కాళ్లకేసి చూసింది శ్రుతి. పొట్ట కింద ముడుచుకుని ఉన్నాయి. ఇక్కడ కాళ్లు ఎవరికీ అక్కర్లేదని నవ్వుకుంది.

ఎంత హాయి! ఎంత హాయి! ఆ హాయిలోనూ ఒక్క మాట కొరత. అమ్మ గొంతు పెట్టి "పోయిరా" అని తనకు తానే చెప్పి చూసుకుంది. కుదరలేదు. కళ్లు చెమర్చాయి. ఇంకొక్క చుట్టు తిరిగి, మైదానం కేసి మళ్లింది. గ్లైడరు గడ్డిని తాకి, జారి, ఆగింది.

అందరూ చప్పట్లు కొడుతూ పరిగెత్తుకొచ్చారు. ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. ఫర్హానా వెనక నుంచి కత్తెర తీసింది.

"ముందుకు వంగు."

"మేడం, మా అమ్మ కుట్టింది. కొంచెం చిన్న ముక్క చాలు మేడం!"

"నో నో, రూల్ అంటే రూల్!"

శ్రుతి కళ్లు గట్టిగా మూసుకుంది. ఇంటికెళ్లాక ఈ చిరుగు అమ్మకెట్లా చూపించాలి? ఫర్హానా అంగీ అంచును బయటికి తీసి, చేత్తో గట్టిగా పట్టి లాగింది. సర్రుమంది.

"అరే! ఇంకా కత్తెర పెట్టనే లేదు. మొత్తం చేతికొచ్చేసిందేంటి?"

శ్రుతి కంగారుగా వెనక్కి చెయ్యి పెట్టి తడుముకుంది. చిరుగు తగల్లేదు. చక్కగా మడిచి, మిషను మీద గట్టిగా కుట్టిన ఇంకో అంచు తగిలింది. అంగీ అంగీలాగే ఉంది.

ఫర్హానా చేతిలోని నీలం ముక్కకు పొడుగాటి దారం ఒకటి వేలాడుతోంది. కచ్చా కుట్ల దారం. "నువ్వు ఒంటిగా ఎగిరితే కదా!" అని అరవకముందే అమ్మ వేసిపెట్టిన కుట్లు.