తనది కాని ముడి

ఆ సర్వేయరుకి లెక్కలన్నీ వచ్చుగానీ, పాపం, తాడు ముడి వెయ్యడం మాత్రం చేతకాదు. జీపులో కొలత సామాను కట్టే పని పదిహేనేళ్లపాటు వాళ్ల అన్నదే. "ఇది ముడేనట్రా? చిక్కుపడ్డ జడలా ఉంది," అని వెక్కిరించి, విప్పేసి తనే బిగించేవాడు.

ఆ అన్న కాలం చేసి ఏడాదైంది. ఆ రాత్రి కొండదారిలో తమ్ముడొక్కడే తిరిగొస్తున్నాడు. గుంటల్లో జీపు ఎగిరినప్పుడల్లా వెనక ముక్కాలి స్టాండు లొడలొడమంటోంది.

ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది. ఎక్కడో పడిపోయిందేమోనని జీపు ఆపాడు. దిగి చూశాడు. స్టాండు ఉన్నచోటే ఉంది. తాడు బిగిసి ఉంది. ముడి మాత్రం తనది కాదు.

"అన్నయ్యా," అన్నాడు మెల్లిగా.

ఎదురుగా తారురోడ్డు కనిపిస్తోంది. అదెక్కితే ఇక కుదుపులుండవు, అరగంటలో ఇల్లు. అయినా ఆ ముడిని తన చేత్తోనే విప్పేసి, తన చేతకాని ముడే మళ్లీ వేశాడు. జీపు వెనక్కి తిప్పి గుంటల దారిలోకే పోనిచ్చాడు.

లొడలొడ మొదలైంది. అది ఎప్పుడాగుతుందా అని చెవులు రెండూ వెనక్కే పెట్టి నడిపాడు, పిచ్చి తండ్రి.