మాస్క్ పట్టే చెయ్యి

“ఏడువందల యాభై గ్రాములు. ఇరవయ్యారు వారాలే. ఏడుపు లేదు. ఊఁ, కానివ్వండి!”

పెద్దక్క గొంతు వినగానే చిన్న నర్సుకు ముచ్చెమటలు పోశాయి. ఆమె ఉద్యోగంలో చేరి ఐదు వారాలు. ఐదు వారాల ఉద్యోగానికి ఐదొందల సందేహాలు. ఒక్కటీ అడిగే వ్యవధి లేదిప్పుడు.

పెద్దక్క అంటే వయసులో పెద్దని కాదు. నెలలు నిండని పిల్లలుండే ఆ గదికి పెద్ద నర్సు. పద్నాలుగేళ్ళుగా అక్కడ ఊపిరందని ఏ బిడ్డకైనా మాస్క్ పట్టింది ఆవిడే. ఆవిడ చెయ్యి పడితే బిడ్డ బతికినట్టేనని ఆస్పత్రిలో ఓ మాట ఉంది.

ఇవాళ మాత్రం ఆవిడ లేవలేదు. గోడవారన కుర్చీలోనే ఉండిపోయింది. పిల్లల కోసం ఆ గదిని ఎప్పుడూ వెచ్చగా ఉంచుతారు, అడుగు పెడితే చాలు చెమట పట్టేస్తుంది. అంత ఉక్కలోనూ ఒళ్ళో దుప్పటి కప్పుకుంది. పాదాలు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. చూపంతా గడియారం మీదే.

పిల్లల పెద్ద డాక్టరు ఊళ్ళో లేడు. ఉన్నది కుర్ర డాక్టరు, చిన్న నర్సు. అంతే.

చిన్న నర్సు బిడ్డను మెడ దాకా ప్లాస్టిక్ సంచిలోకి దూర్చింది, ఒంట్లో వేడి పోకుండా. తలకు టోపీ తొడిగింది. ముక్కూ నోరూ మూసుకునేలా నిమ్మచెక్కంత మాస్క్ పెట్టి, రెండో చేత్తో గాలి సంచి నొక్కింది.

ఛాతీ లేవలేదు.

“గుండె ఎంతక్కా?” కుర్ర డాక్టరు అడిగాడు.

“డెబ్బై,” అంది పెద్దక్క, మానిటర్ వైపు తల కూడా తిప్పకుండా.

వంద దాటాలి. దాటకపోతే బిడ్డ దక్కదు. చిన్న నర్సు గబగబా నొక్కేసింది.

“మెల్లగానమ్మా! పిండి పిసుకుతున్నావా? గట్టిగా నొక్కావంటే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి.”

“అక్కా, నా వల్ల కాదు. మీరొచ్చి పట్టండి. మీకు దణ్ణం పెడతాను.”

“నేను రాను. ఇవాళ నేను లేననుకో. నువ్వే పట్టాలి.”

చిన్న నర్సు కళ్ళు నిండిపోయాయి.

“ఏడుపు తర్వాత. కళ్ళల్లో నీళ్ళుంటే బిడ్డ కనపడదు.” ఆగి, ఇంకో అంకె చెప్పింది. “యాభై.”

కుర్ర డాక్టరు కంగారుగా బొటనవేళ్ళు రెండూ బిడ్డ గుండె మీద పెట్టేశాడు. “ఒకటి, రెండు, మూడు, ఊపిరి. ఒకటి, రెండు...”

“ఆగు బాబూ! లోపలికి గాలే పోనప్పుడు గుండె నొక్కి ఏం లాభం? ముందు ఛాతీ లేవాలి. తల సరిగ్గా పెట్టండి. మాస్క్ తీసి మళ్ళీ పెట్టండి. మొదట్నుంచి!”

“మరి తల్లికి ఏమైనా...” అని నసిగాడతను.

“తల్లిని చూసుకునేవాళ్ళు వేరే ఉన్నారు. ఆవిడ ఉన్నా, పోయినా మీ కళ్ళు బిడ్డ మీద నుంచి కదలకూడదు. తెలిసిందా?”

అంత మాట ఎలా అనగలిగిందో! ఇద్దరూ బిడ్డ తల సరిచేశారు. మళ్ళీ మాస్క్, మళ్ళీ గాలి. ఆవిడ నోట్లోంచి వచ్చే అంకె కోసం ప్రాణాలుగ్గబట్టుకుని చూశారు.

అంకె రాలేదు. తలుపు తెరుచుకుంది. కాన్పుల డాక్టరమ్మ వచ్చి పెద్దక్క భుజం మీద చెయ్యి వేసింది.

“ఇక ఆపెయ్యండమ్మా. టైమైపోయింది.”

“ఇంకొక్కసారి డాక్టరమ్మా! ఒక్క నిమిషం. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

పెద్దక్క ఒకరిని బతిమాలడం ఆ గదిలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

“నీ మాట విని ఇప్పటికే ఆలస్యం చేశాను. ఒక్క నిమిషమే.”

చిన్న నర్సు పళ్ళ బిగువున మాస్క్ పట్టింది. ఛాతీ కాస్త లేచినట్టే లేచి, పడిపోయింది.

“ఎంతక్కా?”

“నలభై.” పెద్దక్క కళ్ళు మూసుకుంది. “పోతోంది.”

నిమిషం అయిపోయింది. కుర్ర డాక్టరు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“మా వల్ల కాలేదక్కా,” అంటూ చిన్న నర్సు భోరుమంది.

“ఏం తప్పు చేశావో చెప్పు.”

ఇప్పుడా అడగడం? అయినా చెప్పింది. “మాస్క్ పక్కనుంచి గాలి పోతోందక్కా. చూసుకోలేదు.”

“చిటికెనవేలు ఎక్కడుండాలి?”

“దవడ కింద.”

“ఇటు రా.” పెద్దక్క ఆమె చెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే మడిచి చూపించింది. ఆవిడ వేళ్ళు మంచులా ఉన్నాయి. “ఇదిగో, ఇలా పడితే గాలి పోదు. ఇంకోసారి ఈ తప్పు చెయ్యవుగా?”

“చెయ్యనక్కా. ఒట్టు.”

కుర్ర డాక్టరు సంచిలోంచి రబ్బరు బొమ్మను తీసి బీరువాలో పెట్టేస్తుంటే, డాక్టరమ్మ, బీపీ దిగడం లేదంటూ, పెద్దక్క కూర్చున్న చక్రాల కుర్చీని ఆపరేషన్ థియేటర్ వైపు తిప్పింది, పెద్దక్క దుప్పటి కింద తన ఇరవయ్యారు వారాల కడుపును రెండు చేతులా పట్టుకుని, “పావుగంటలో నా బిడ్డను పంపిస్తాను, చేతులు వణక్కుండా అందుకోండి,” అంది.