పాత పేరే పెట్టు

"ఆ గోడ మీద డ్రిల్లు ఆనించావంటే నీ చెయ్యి విరిచి నీ సంచిలోనే పెట్టి పంపిస్తా!"

నిచ్చెన మీదున్న ఇంటర్నెట్ ఫిట్టరు బిగుసుకుపోయాడు. కింద నిలబడి అరిచింది ఆ ఇంటాయన, తాపీమేస్త్రి. మనిషి గుమ్మానికి అడ్డం పడేటంత ఉన్నాడు. తలకి కట్టు, కట్టు మీద ఎండిన నెత్తురు, బుగ్గ మీద నాలుగు గోళ్ల చారలు.

"ఇంటికి నడిమధ్య ఇదే కదండీ. వైఫై పెట్టె ఇక్కడుంటే అన్ని గదులకీ సిగ్నల్ సమానంగా..."

మేస్త్రి కాలరు పట్టి ఒక్క లాగు లాగాడు. ఫిట్టరు వీపు నేలకీ, డ్రిల్లు అతని మూతికీ కొట్టుకున్నాయి. పెదవి చిట్లింది.

"పచ్చి గోడరా అది! నిన్నే కట్టాను. నా పనితనానికి బొక్క పెడతావా?"

గోడని అంతలా ప్రేమించేది బల్లి ఒక్కటే అనుకునేవాడు ఫిట్టరు. రెండో ప్రాణి ఇవాళ దొరికింది. పళ్లు తడిమి చూసుకుంటూ లేచాడు. పారిపోదామంటే వీల్లేదు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే పనిలోంచి పీకేస్తానని సూపర్‌వైజరు పొద్దున్నే చెప్పి పంపాడు.

"ఇక్కడ గోడ బీరువా ఉండేదిలే," మేస్త్రి కాస్త చల్లబడ్డాడు. "మా ఆవిడ దాని తలుపులు ఊడబీకి నా మీదకే విసిరింది. తలుపుల్లేని బీరువా దేనికని ఇటుకలు పేర్చి మూసేశా."

మూలన పాత వైఫై పెట్టె ముక్కలై పడుంది. విరిగిన యాంటెన్నా కొమ్ముకి ఇంకా వెంట్రుకలు అంటుకునే ఉన్నాయి.

"ఇదీ ఆవిడ పనేనా?"

"మరెవరిది? నా నెత్తి మీదే బద్దలు కొట్టింది. మా ఆవిడంటే ఏమనుకున్నావు! కేకేస్తే పక్కవీధి కుక్కలు మంచాల కింద దూరతాయి. గరిటె విసిరితే అది వంటిల్లు దాటి, హాలు తిరిగి, నా వీపు వాయించి, మళ్లీ ఆవిడ చేతికే చేరుతుంది."

ఫిట్టరుకి నవ్వొచ్చింది. పెదవి మండింది. "ఇంతకీ గొడవెందుకండీ?"

"ఆవిడ ఫోను సెట్టింగుల్లోకెళ్లి దానికి 'పెద్దపులి' అని పేరు పెట్టా. పెట్టెకి తగులుకున్న ఫోన్ల పేర్లన్నీ తెర మీద కనబడతాయి కదా, మొన్న అవి చూసేసింది. ఇంకేముంది, పులి లేచింది."

"ఇప్పుడెక్కడున్నారు?"

"నిన్న మొదటి బస్సుకి వాళ్లన్న దగ్గరికి పోయింది, ఫోను బొడ్లో దోపుకుని మరీ. అది బొడ్లో లేనిదే ఆవిడకి మంచినీళ్లు కూడా దిగవు."

"నెట్ రాగానే వీడియోకాల్ చేసి బతిమాలుకోండి మేస్త్రిగారూ. పులైనా మంచి మాటకి మెత్తబడుతుంది."

"నీ నీతులు ఆపి పని కానీ. సాయంత్రం మ్యాచ్ చూడాలి."

ఫిట్టరు ఇక గోడ జోలికి పోలేదు. దానికెదురుగా, టీవీ బల్ల మీదే కొత్త పెట్టె నిలబెట్టాడు.

"దీనికేం పేరు పెట్టమంటారు?"

"బారసాల చేస్తున్నావా? నీకేది సులువైతే అది పెట్టు."

"అయితే పాత పేరూ, పాత పాస్‌వర్డే పెట్టేస్తా. ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదు. తల్లిమేక అరుపు విన్న పిల్లల్లా ఇంట్లో ఫోన్లన్నీ వాటంతటవే వచ్చి అతుక్కుంటాయి."

పచ్చదీపాలు వెలిగాయి. ఫిట్టరు తన ఫోను తెర చూపించాడు. "ఇదిగో మీ ఫోను. ఇదిగో టీవీ. అరె, మూడోది కూడా వచ్చిందే!"

"పక్కింటి దొంగవెధవే అయ్యుంటాడు!" మేస్త్రి సుత్తి అందుకున్నాడు. "పేరు చదువు. కాళ్లు విరగ్గొట్టి వస్తా."

"పక్కింట్లోంచి ఇన్ని గీతలు రావండీ. సిగ్నల్ నిండుగా ఉంది. ఆ ఫోను ఈ గదిలోనే ఉండాలి."

ఫిట్టరు కళ్లు చికిలించి, పేరు పైకే చదివాడు.

"పెద్దపులి."