ఎడమ చెవి అచ్చు

“పెద్దాయనా, బీప్ అని వినబడగానే వేలెత్తాలి. సరేనా?”

పైడయ్య వేలెత్తాడు. ఇంకా బీప్ అననేలేదు.

జయకర్ నవ్వలేదు. ఇలాంటివాళ్ళను రోజూ చూస్తాడు. కాశీబుగ్గలో ఎస్టీడీ బూత్ మేడ మీద ఆ ఒక్క గదిలోనే అతని చెవి పరీక్షలూ, చెవి మిషన్ల అమ్మకమూ.

తలుపు పక్క కుర్చీలో పైడయ్య భార్య రత్నాలమ్మ కూర్చుంది. పదిహేనేళ్ళుగా పడవలో ఇంజను పక్కన కూర్చున్న మనిషి ఆయన. ఆ మోత చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. మొన్న వల లాగేటప్పుడు ‘ఒగ్గీ’ అంటూ తాడు వదిలెయ్యమని అందరూ అరిచినా ఆయనకు వినబడలేదు. తాడు తగిలి పక్కవాడి వేళ్ళు నలిగాయి. పడవ యజమాని బంగారయ్య ఒడ్డుకు రాగానే తేల్చి చెప్పేశాడు. “పున్నమి దాకా సూత్తాను. సెవులు బాగుసేసుకుంటే సరే. నేకపోతే ఒడ్డునుండు.”

ఒడ్డునుండి ఏం చేయాలో పైడయ్యకు తెలియదు.

పరీక్ష అయ్యింది. జయకర్ కాగితం మీద గీతలు చూపించాడు.

“కుడిది పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో కొంచెం మిగిలింది. మిషను పెడితే చప్పుడు వినబడుతుంది గానీ మాటలు సగమే తెలుస్తాయి. ముందే చెప్తన్నానమ్మా, పోయింది మళ్ళీ రాదు.”

రత్నాలమ్మ ఆ మాటల్ని భర్త ఎడమ చెవి దగ్గర అరిచి చెప్పింది.

“సగమైనా సాల్లే,” అన్నాడాయన.

జయకర్ మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. చెవిలోపలే ఇమిడిపోయేదాన్ని, ధర విని, వాళ్ళు ముట్టుకోనైనా లేదు. చెవి వెనక తగిలించేది ఉప్పుగాలికి ఆరునెలలు ఆగదని అతనే చెప్పాడు. ఇక మిగిలింది జేబు మిషను. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. దానికో తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే బిళ్ళ. ప్లాస్టిక్ సంచిలో చుట్టి జేబులో వేసుకోవచ్చు. అన్నిటికన్నా చవక కూడా.

బిళ్ళకు రబ్బరు తొడిగి పెట్టి చూశారు. పైడయ్య తల తిప్పగానే జారిపోయింది. మిషను కుయ్యిమని కూసింది. పెద్ద సైజు పెడితే నొప్పితో మొహం ముడుచుకున్నాడు.

“ఈయన చెవి లోపల బాగా మలుపు తిరిగింది. రెడీమేడ్ రబ్బర్లు నిలబడవు. కొలత తీసి అచ్చు చేయించాల,” అన్నాడు జయకర్.

“ఎవులిదైనా పాతది ఉంటే ఇయ్యి బాబూ, పెట్టుకుంటాడు.”

“ఒకరిది ఇంకొకరికి పట్టదమ్మా. తోడబుట్టినోళ్ళకైనా పట్టదు.”

రత్నాలమ్మ చేయించమంది.

జయకర్ పైడయ్య చెవిలో దారం కట్టిన దూదిపెట్టి, గులాబీరంగు ముద్దని సిరంజితో నింపాడు. ఐదు నిమిషాలకి అది గట్టిపడింది. బయటకు తీస్తే వంకరటింకరగా ఉంది.

“ఓలమ్మ! ఇదేటే, నత్తలాగుంది,” అని పైడయ్య ఆశ్చర్యపోయాడు. చాలా రోజుల తర్వాత రత్నాలమ్మ నవ్వింది.

“దీన్ని విశాఖపట్నం పంపుతాను. అచ్చు రావడానికి పదిహేను రోజులు. మిషను అప్పుడే తీసుకోండి,” అన్నాడు జయకర్.

మెట్లు దిగుతూ ఆమె భర్త చెవిలో అరిచింది. “మావా, ఆ పదేను రోజులూ ఏటకెల్లకు.”

“ఎల్లకపోతే నా సోట్లో ఇంకొకడు కూకుండిపోడా? నువ్వూరుకో.”

పదహారో రోజున రత్నాలమ్మ ఒక్కతే వచ్చింది.

“మీ ఆయన రాలేదేటమ్మా?”

“రానేడు బాబూ.”

“వేటకెళ్ళాడా?”

“ఎల్లాడు.”

“మరి మనిషి లేకుండా ఎలాగ? అచ్చు పెట్టి చూడాల. ఒరుసుకుంటే అరగదీయాల. మిషను సౌండు సరిచెయ్యాల. వచ్చాక ఇద్దరూ రండి.”

“మిషను వొద్దు. అచ్చొకటి ఇచ్చీ సాలు.”

జయకర్ తెల్లబోయాడు. డబ్బు కుదర్లేదు కాబోలు అనుకున్నాడు. అలమరలోంచి ఓ పాత జేబు మిషను తీసి ఆమె ముందు పెట్టాడు.

“ఇది తీసుకెళ్ళండి. నాకేం ఇవ్వక్కర్లేదు.”

ఆమె దాన్ని మెల్లగా వెనక్కి జరిపింది. “నీ కడుపు సల్లగుండ. ఇంకెవులికైనా ఇయ్యి బాబూ.”

“మిషను లేకుండా వట్టి అచ్చుతో ఏం వినబడుతుందమ్మా?” అతనికి విసుగొచ్చింది.

ఆమె చేయి చాచింది.

అతను డబ్బీ తెరిచి అచ్చు ఆమె అరచేతిలో పెట్టాడు. బొటనవేలంత ఉంది. గట్టిగా, నున్నగా, గాజులా మెరుస్తోంది. ఆమె వేలితో దాని వంపంతా తడిమింది.

“ఇది అచ్చంగా మా మావ సెవేనా? ఏటీ మారనేదు గదా?”

“ఏం మారలేదు. ఇదిగో, ఇది లోపలి మలుపు. ఇది బయటి గుంట. ఉన్నదున్నట్టే దిగింది.”

“ఇంకొకలికి పట్టదన్నావు.”

“పట్టదు. లోకంలో ఆయనొక్కడికే.”

రత్నాలమ్మ దాన్ని చీర చెంగున ముడివేసుకుంది. ఇవ్వాల్సింది బల్ల మీద పెట్టింది. మంచినీళ్ళిస్తే తాగలేదు. పొద్దుగూకే లోపు ఊరు చేరాలంటూ గబగబా మెట్లు దిగింది. టెక్కలి బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. చెంగు ముడిని గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. టెక్కలిలో ఆటో ఎక్కింది. నౌపడ ఉప్పుమడులు దాటేసరికి ఎండ తగ్గింది.

తొమ్మిది రోజులు గాలించినా సముద్రం తిరిగివ్వని పైడయ్యకు బదులుగా ఒడ్డున చితి మీద పడుకోబెట్టిన గడ్డిబొమ్మకు, ఎడమ చెవి ఉండాల్సిన చోట, రత్నాలమ్మ ఆ అచ్చు పెట్టింది.