చెప్పుకోలేని మంట

తోడల్లుడు కొత్త కారు కొన్న ఆదివారమే గడియారాల మెకానిక్‌కి కడుపులో మంట మొదలైంది.

మంటంటే నిజం మంటే. ఛాతీ ఎముకకి కింద, బొడ్డుకి పైన, సరిగ్గా నడిమధ్యన ఎవరో అగ్గిపుల్ల గీసి పెట్టినట్టు. కానీ ఆ మాట ఎవరితో అంటాడు? భార్య చెల్లెలి మొగుడు తెల్ల కారు దిగి, తాళాలు వేలికి తిప్పుకుంటూ లోపలికొచ్చిన పూట "నాకు కడుపు మండుతోంది" అంటే, వినేవాళ్ళు మందు తెస్తారా, నవ్వుతారా?

దొంగకి తేలు కుట్టినట్టయింది పాపం ఆయన పని. పళ్ళు బిగబట్టి, "కారు భలే ఉంది తమ్ముడూ" అన్నాడు.

అయినా భార్య కనిపెట్టేసింది.

"మొహం అలా పెట్టారేంటి?"

"ఏం లేదు, కడుపులో..." అని నాలిక కరుచుకున్నాడు.

"తెలుసులెండి. ఆ మంటకి మందు లేదు."

ఆవిడ ఆ కబురు వంటింట్లో ఉన్న చెల్లెలి చెవిన వేసింది. లోపలినుంచి అక్కాచెల్లెళ్ళ నవ్వు వినపడింది. ఇక చచ్చినా ఈ మాట ఎత్తకూడదని మెకానిక్ అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు.

ఆయన నోరు మూసుకున్నాడు గానీ, మంట మూసుకోలేదు. షాపులో కంటికి భూతద్దం పెట్టుకుని, మెడ వంచి ముల్లు బిగిస్తుంటే లోపల పొడిచేది. పొద్దున్నే ఖాళీ కడుపున గ్లాసుడు టీ, దాంతోపాటు మెడనొప్పి బిళ్ళ ఆయనకి ఏళ్ళ నాటి అలవాటు. ఈమధ్య ఆ రెండూ పడగానే మెలితిప్పేస్తోంది. చొక్కాలు వదులయ్యాయి. ఇదేదో పెద్ద జబ్బేమోనని భయం పట్టుకుంది. పోనీ భయం చెప్పుకుందామంటే మధ్యలో ఆ కారు అడ్డం.

పైగా ఆ తోడల్లుడు ఊరుకుంటే కదా. టైర్ల షాపు ఆయనది. ప్రతి ఆదివారం కారేసుకుని దిగుతాడు. వడ్డిస్తుంటే పిడికెడు అన్నానికే చెయ్యి అడ్డం పెట్టి, "డైటింగ్ అన్నయ్యగారూ" అంటాడు. టీ ఇస్తే వద్దు, చల్లటి పాలు కావాలి. తిన్నాక అందరిలా నడుం వాలుస్తాడా అంటే అదీ లేదు, వెనకాల మూడు దిళ్ళు పెట్టించుకుని దొరలా కూర్చుంటాడు. లేదంటే పొట్ట మీద చెయ్యేసుకుని కారు చుట్టూ ప్రదక్షిణలు చేస్తాడు.

"రెండేళ్ళ కింద మనమూ ఇల్లు కట్టాం. ఇలా గోడలు నిమురుకుంటూ తిరిగామా?" అన్నాడు మెకానిక్ ఉండబట్టలేక భార్యతో.

"అదిగో, మళ్ళీ మండింది" అంది భార్య.

ఒకరోజు షాపులో కళ్ళు బైర్లు కమ్మి, స్టూలు మీంచి పడబోయి నిలదొక్కుకున్నాడు. ఇక లాభం లేదనుకుని, గడియారం డెలివరీ ఇచ్చొస్తానని ఇంట్లో చెప్పి, ఊరికి ఆ చివర ఉన్న డాక్టరమ్మ దగ్గరికి పోయాడు. అటువైపు తెలిసినవాళ్ళెవరూ లేరు.

"నొప్పి ఎప్పటినుంచి?" అందావిడ పొట్ట నొక్కి చూస్తూ.

"కారు కొన్నప్పటినుంచి."

"సంతోషం. ఏ కారు?"

"కొన్నది నేను కాదండీ."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఆయన్ని ఎగాదిగా చూసింది. మెకానిక్ సంగతంతా వెళ్ళగక్కాడు.

"చూడండి, పైకడుపు నొప్పికి కారణాలు బోలెడు. ఒట్టి ఎసిడిటీ కావచ్చు, పుండు కావచ్చు, పిత్తాశయంలో రాళ్ళు కావచ్చు. ఒక్కోసారి గుండెనొప్పి కూడా కడుపునొప్పి వేషం వేసుకొస్తుంది. అసూయ మాత్రం మా పుస్తకాల్లో ఎక్కడా లేదు."

ముందు ఈసీజీ తీయించింది. తర్వాత స్కానింగ్. ఆ మర్నాడు నోట్లోంచి గొట్టం దించి ఎండోస్కోపీ. గొట్టం గొంతు దిగుతుంటే ఆయనకి కారూ గుర్తులేదు, తోడల్లుడూ గుర్తులేడు. పిల్లలే కళ్ళముందు కదిలారు.

"చిన్న పుండు. భయపడాల్సిందేం లేదు. పరగడుపున ఆ నొప్పి బిళ్ళలు మింగి మింగి తెచ్చుకున్నారు. ఇవాళ్టితో అవి బంద్. ఈ మాత్ర పొద్దున టిఫినుకి ముందు వేసుకోండి. పుండుకి క్రిములు కూడా తోడయ్యాయి, వాటికి ఈ కోర్సు. మధ్యలో తగ్గిందని మానేయకండి. విరేచనం నల్లగా అయినా, వాంతిలో రక్తం కనపడినా మాత్రం పరిగెత్తుకు రావాలి" అంది డాక్టరమ్మ.

"అంటే నేను బతుకుతానా?"

"హాయిగా. మెడకి వేరే ఉపాయం చూద్దాం."

మెకానిక్‌కి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ నవ్వుతారని దాచుకుని, ప్రాణం మీదికి తెచ్చుకోబోయానని తన మీద తనకే కోపమొచ్చింది. ఇంటికెళ్ళి భార్యకి చెప్పేద్దామా అనుకున్నాడు. ఆ వంటింటి నవ్వు గుర్తొచ్చి, వద్దులే అనుకున్నాడు. చీటీ మడిచి లోపలి జేబులో దాచుకుని, దొంగలా తలుపు కొంచెం తెరిచి అటూ ఇటూ చూశాడు.

బయట బెంచీ చివర ఒకాయన మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నర్సు పిలవగానే పేపరు దిగింది. ఎదురుగా తోడల్లుడు.

ఇద్దరూ కొయ్యబారిపోయారు. ముందు తేరుకున్నది తోడల్లుడే. మెకానిక్ చెయ్యి పట్టుకుని, గోడ పక్కకి లాగి గుసగుసగా అన్నాడు:

"మా ఆవిడకి చెప్పకండి అన్నయ్యగారూ, మీరు ఇల్లు కట్టినప్పటినుంచీ నాకీ కడుపుమంట, పైకి చెబితే నవ్వుతారని రెండేళ్ళుగా ఇక్కడికే వస్తున్నాను."